జోలమ్మ కటౌట్

తుమ్మగుంటలో ‘సర్వవీరం’ సినిమా ఆడటం మొదలయ్యాక ఊళ్ళో పాలు దొరకడం మానేశాయి. సినిమా బాగాలేకనా అంటే కాదు. బాగుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. బాగాలేని సినిమా అయితే వారం తిరక్కుండా జనం మరిచిపోయేవాళ్ళు, కోటేశ్వరి ఎప్పటిలాగే పొద్దున్నే పాలు కాచి బిడ్డకు పట్టేది.

ఆ సినిమాలో వీరుడు ఒక్కడు కాదు, నలభై మంది. ఒకడు గాల్లో ఎగురుతాడు, ఒకడు నోటితో నిప్పు కక్కుతాడు, ఒకడి ఒంటికి బాంబు తగిలితే బాంబే నలిగిపోతుంది. ఇంకొంతమంది ఏం చేస్తారో చెప్పే తీరిక సినిమాకు లేకపోయింది. అయినా సరే, ఒక్కో వీరుడికీ ఊళ్ళో ఒక్కో అభిమాన సంఘం పుట్టింది. అంతకుముందు తుమ్మగుంటలో ఉన్నవి నీటి సంఘం, రిటైరైన టీచర్ల సంఘం మాత్రమే. ఆ రెంటికీ కుర్చీలు నిండేవి కావు.

సంఘం అన్నాక కటౌట్ ఉండాలి. సినిమా హాలు ముందు నాలుగైదు కటౌట్లు పట్టేసరికే జాగా అయిపోయింది. మిగతావి మెయిన్ రోడ్డు పొడుగునా బస్టాండు దాకా, అక్కడి నుంచి కోళ్ళ సంత దాకా నిలబడ్డాయి. ఎగిరే వీరుడు గాలిరాయుడి ఎడమకాలు సరిగ్గా మున్సిపల్ ఆసుపత్రి గుమ్మానికి అడ్డం పడింది. రోగులు ఆయన కాళ్ళ సందున వంగి లోపలికి పోతున్నారు. వంగలేని వాళ్ళను ఇంటి దగ్గరే మంచం మీద ఉండి నయం చేసుకోమన్నారు.

కటౌట్ అన్నాక పాలాభిషేకం ఉండాలి. నిచ్చెన వేసుకుని, డప్పులు కొట్టించి, వీరుడి తల మీద నుంచి పాలు పొయ్యాలి. మొదటి రోజు గాలిరాయుడి వాళ్ళు తెల్లవారకముందే పాలన్నీ ఎత్తుకుపోయారు. నిప్పులదొర వాళ్ళకు చుక్క మిగల్లేదు. ఖాళీ క్యాన్లతో కొట్టుకున్నారు. ఇద్దరి తలలు పగిలి ఆసుపత్రికి పోతే, అక్కడ గాలిరాయుడి కాళ్ళ సందున వంగే ప్రసక్తే లేదని నిప్పులదొర అభిమాని బయటే కూర్చున్నాడు.

అప్పుడు పురపాలక సంఘం కలగజేసుకుంది.

కమిషనర్ పురుషోత్తమరావు గారు చేసిన ఉత్తర్వును మైకు కట్టిన ఆటో వీధివీధీ తిరిగి చదివింది. “ఇందుమూలముగా యావన్మంది పట్టణ ప్రజలకు తెలియజేయడమేమనగా, వీరుల మధ్య ఎటువంటి వివక్షకు తావులేకుండా నలుబదిమంది వీరులకూ సమాన ప్రాతిపదికన క్షీరాభిషేకం జరిపించుటకు పురపాలక సంఘం బాధ్యత స్వీకరించినది. తదనుగుణంగా పట్టణంలోని మిగులు పాలు మొత్తం స్వాధీనపరచుకోబడును.”

‘మిగులు’ అన్న మాట విని కోటేశ్వరి కాస్త ఊపిరి పీల్చుకుంది. ఆమె పాలల్లో మిగిలేది ఎప్పుడూ లేదు.

కోటేశ్వరి మొగుడు అంజిబాబు బస్టాండు దగ్గర పంక్చర్లు వేస్తాడు. ఆమె చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయింది. చదువు ఆగినా భయాలు ఆగలేదు. కూతురు లోహితకు ఏడాదిన్నర. పిల్ల తుమ్మితే జలుబు చేసిందేమోనని భయం, తుమ్మకపోతే ముక్కు మూసుకుపోయిందేమోనని భయం. కోటేశ్వరికి టైఫాయిడ్ వచ్చి పాలు ఎండిపోయాక ఆ పిల్లకు డబ్బాపాలు పడితే కక్కేసింది. అన్నం పెడితే నోట్లో దాచుకుని అరగంట తర్వాత తెచ్చి తల్లి అరచేతిలో పెట్టింది. కేంద్రంలో పోసే పాలు మాత్రం గుటకలు వేసి తాగుతుంది. పోయిన నెల అంగన్‌వాడీ టీచరు తూకం వేసి, ముల్లు చూసి, కోటేశ్వరి మొహం చూసి, “ఇంకొంచెం తగ్గితే పెద్దాసుపత్రికి రాయాల్సొస్తదమ్మా” అంది. ఆ రోజు నుంచి కోటేశ్వరికి ఆ ముల్లే కలలోకి వస్తోంది.

ఉత్తర్వు వచ్చిన మర్నాడు గిన్నె పట్టుకుని పాల కేంద్రానికి వెళ్ళింది. కేంద్రం నడిపే వెంకాయమ్మ ఖాళీ తొట్టి కడుగుతోంది.

“పిన్నీ, పాపకు పావు లీటరు పొయ్యి.”

“పావు లీటరంటే గాలిరాయుడి బొటనవేలమ్మా. ఆ వేలు తడవలేదని తెలిస్తే రేపు నా కేంద్రానికి తాళమేస్తారు.”

“మిగులు పాలే గదా తీసుకుపోయేది?”

“మిగులంటే ఏందో నీకు తెలవదు, నాకూ తెలవదు. ఆళ్ళకు తెలుసంట. పోయి అడుగు.”

గేదెలున్న ఇళ్ళకు పోయి బతిమాలుదామనుకుంది. ఇంటి గేదె పాలు కూడా కేంద్రానికే చేరాలట. పెద్దవీధి గేదెల దగ్గర మున్సిపాలిటీ మేస్త్రీ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దూడను తాగనివ్వచ్చా లేదా అన్నది పై అధికారులకు రాశామనీ, జవాబు వచ్చేదాకా దూడ ఓపిక పట్టాలనీ చెప్పాడు.

కోటేశ్వరి బిడ్డను చంకనేసుకుని మున్సిపల్ ఆఫీసుకు పోయింది. అక్కడ శానిటరీ ఇన్‌స్పెక్టర్ జయరాజు ఉన్నాడు. కాలువలు బాగుచేయించడం ఆయన పని. ఈ వారం నుంచి ఆయన ‘క్షీరాభిషేక సమన్వయాధికారి’. వెనక గోడంతా కప్పేసేట్టు సినిమా ఫ్లెక్సీ. ఒకరి మోచేయి ఇంకొకరి మొహం మీద, ఒకరి జుట్టు ఇంకొకరి కత్తి మీద పడేట్టు వీరులందరూ కిక్కిరిసి ఉన్నారు. సంతరోజు బస్సు లోపలి ఫొటోలా ఉంది.

“మిగులు పాలు అనగా,” అన్నాడు జయరాజు, “స్వాధీనపరచుకొను సమయానికి ఎవరిచేతనూ తాగబడని పాలు.”

“పొద్దున్నే నాలుగింటికి వచ్చి క్యాన్లు ఎత్తుకుపోతన్నారు సార్. అప్పటికి ఎవరు తాగుతారు?”

“ఎవరూ తాగరు. కాబట్టి మిగులు.”

కోటేశ్వరి బిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. లోహిత ఏడుపు అందుకుంది. జయరాజుకు ఇద్దరు పిల్లలు. ఆయన చెడ్డవాడేం కాదు. గొంతు తగ్గించి, “అమ్మాయ్, వీక్షకుల కోటా అని ఒకటి పెట్టారు. సినిమా చూసినవాళ్ళకు రోజుకో గ్లాసు. వీరుల త్యాగాల పట్ల గౌరవం కలవారని గుర్తింపు. టికెట్ ముక్క తీసుకొచ్చి చూపించు” అన్నాడు.

“పాలకోసం సినిమాకు పోవాలా?” అన్నాడు అంజిబాబు సాయంత్రం.

“పోకపోతే పిల్లేం తాగుద్దయ్యా? గంజి పోస్తే ఊసేసింది.”

“ఆ హాల్లో దూరాలంటే బాంబుకు నలగని ఆ వజ్రకాయుడు దిగి రావాల.”

దూరారు. ఎలా దూరారో ఇద్దరికీ గుర్తు లేదు. ఒక కుర్చీలో ముగ్గురు కూర్చున్నారు. ఆ ముగ్గురిలో ఒకాయన ఎవరో వాళ్ళకు తెలియదు. చంటిపిల్లను చూసి జాలిపడి ఆయనే సగం కుర్చీ ఇచ్చాడు. నడవాల్లో జనం, గోడల వెంట జనం. ఫ్యాన్ తిరుగుతోంది గానీ ఆ గాలి బాల్కనీ దాటి కిందికి రావడం లేదు.

సినిమా మొదలైంది. విలన్ మొదటి సీన్లోనే నగరాన్ని బూడిద చేస్తానని శపథం చేశాడు. ఇక అక్కడి నుంచి వీరులు రావడం మొదలుపెట్టారు. ఒక్కొక్కడూ ముందు కాలు చూపిస్తాడు, తర్వాత చెయ్యి, తర్వాత వీపు. ఆఖర్న మొహం తిప్పగానే హాలంతా ఈలలు, చించిన కాగితాలు. కాగితాలు కిందపడే లోపు ఇంకొకడి కాలు. ఇంటర్వెల్‌కు ఇంకా రావలసినవాళ్ళు సగం మంది మిగిలే ఉన్నారు. విలన్ పాపం నగరం పొలిమేరలో ఒక బండరాయి మీద కూలబడి ఉన్నాడు.

“వాడికి మంచినీళ్ళన్నా ఇయ్యండ్రా!” అని వెనక నుంచి ఎవరో అరిచారు.

అయినా సినిమా బాగుంది. కోటేశ్వరికి నచ్చింది. కొట్లాటలు వచ్చినప్పుడల్లా ఆమె బిడ్డ చెవులు మూసింది గానీ, తన కళ్ళు మాత్రం మూసుకోలేదు. ఆఖరి యుద్ధంలో వంతెన కూలిపోతుంటుంది. దాని మీద బస్సులు, వాటి నిండా జనం. భయంతో ఒకళ్ళనొకళ్ళు తొక్కుకుంటుంటారు. అప్పుడు తెరకు ఓ పక్కన గాలిరాయుడు నల్లకళ్ళద్దాలు తీశాడు. హాలు హాలంతా కుర్చీలెక్కింది. ఆ గోలలో, తెరకు ఇంకో పక్కన, ఒక బక్కపలచని ఆడమనిషి వచ్చింది. భుజాల మీద ఆకుపచ్చ చీరముక్క కప్పుకుని ఉంది. వంతెన చివర కూర్చుని జోల పాడింది. ఆ పాటకు జనం ఎక్కడివాళ్ళక్కడ కుదురుకున్నారు, తొక్కిసలాట ఆగింది, ఒకరి వెనక ఒకరు నడిచి గట్టెక్కారు. గట్టెక్కినవాళ్ళలో ఎవడో “జోలమ్మా, నువ్వు కూడా రా!” అని కేక వేశాడు. ఆమె రాలేదు. వంతెనతో పాటే పోయింది. అంతా కలిపి కాసేపే. తర్వాత మళ్ళీ గాలిరాయుడు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు.

కోటేశ్వరి ఒళ్ళో లోహిత ఆ పాటకు నిద్రపోయింది. ఇన్ని ఈలల మధ్య నిద్రపోయిన బిడ్డను చూసుకుని, తెరవంక చూసి, కోటేశ్వరి చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

“ఏందే, ఏడుస్తన్నావా?” అన్నాడు అంజిబాబు.

“ఆమె పోయిందయ్యా.”

“ఎవరు?” అన్నాడు అంజిబాబు. కుర్చీ ఎక్కినవాళ్ళలో అతనూ ఒకడు.

మర్నాడు ఆఫీసు ముందు టికెట్ ముక్కలతో పెద్ద వరుస. జయరాజు టికెట్ ముక్కలను పక్కన పెట్టి పరీక్ష మొదలుపెట్టాడు. రాత్రికి రాత్రే కొత్త నిబంధన వచ్చిందట. “టికెట్ కలిగియుండుట వేరు, వీక్షించుట వేరు. వీరుల నామధేయాలు కనీసం పది చెప్పవలెను.”

వరుసలో ముందున్న ముసలాయన గాలిరాయుడు అన్నాడు, నిప్పులదొర అన్నాడు, తర్వాత తన మనవళ్ళ పేర్లు చెప్పాడు. ఆయనకు పాలు దక్కలేదు. తర్వాతివాడు ఏడు చెప్పి, ఎనిమిదోది విలన్ పేరు చెప్పాడు. వాణ్ణి మందలించి పంపించారు.

కోటేశ్వరి వంతు వచ్చింది. బళ్ళో ఎక్కాలు ఒప్పజెప్పమన్నప్పటిలాగే అన్నీ మరిచిపోయింది. భయానికి గాలిరాయుడి పేరు కూడా గుర్తు రాలేదు. నోటికి వచ్చింది ఒక్కటే. “జోలమ్మ” అంది.

జయరాజు కలం ఆగింది. “ఎవరు?”

“జోలమ్మ సార్. వంతెన మీద.”

జయరాజు కుర్చీ తిప్పి గోడమీది ఫ్లెక్సీ వంక చూశాడు. బల్ల మీదికి ఎక్కి, బెత్తం పెట్టి ఒక్కొక్క తలే లెక్కపెట్టాడు. రెండోసారి కింది వరుస నుంచి పైకి లెక్కపెట్టాడు. ముప్పై తొమ్మిది. ఊరంతా నలభై, నలభై అంటుంటే ఆయనా నలభై అన్నాడు. ఉత్తర్వులో నలభై అని కమిషనర్ గారే సంతకం పెట్టారు. లెక్కపెట్టినవాడు మాత్రం ఒక్కడూ లేడు. వజ్రకాయుడి మోచేతి వెనక నుంచి ఆకుపచ్చ గుడ్డ కొస ఒకటి కనిపిస్తోంది. ఇన్నాళ్ళూ అందరూ దాన్ని చెట్టనుకున్నారు.

జయరాజు చెమటలు తుడుచుకుంటూ లోపలి గదిలోకి పరుగెత్తాడు. పురుషోత్తమరావు గారే స్వయంగా బయటికి వచ్చారు.

“అనగా,” అన్నారు కమిషనర్ గారు, “నా పరిధిలో ఒక వీరవనిత ఉత్తర్వు వెలువడిన నాటి నుంచీ అభిషేకరహితంగా ఉన్నది! ఉత్తర్వులో నలుబది అన్నాం. కాబట్టి నలుబది ఉండి తీరాలి. వెంటనే ఆమె అభిమాన సంఘం అధ్యక్షులను పిలిపించండి.”

“సంఘం లేదండి.”

“సంఘం లేకుండా వీరవనిత ఎలా అయిందయ్యా? ఆమెను చూసిన వారెవరు?”

అందరూ కోటేశ్వరి వంక చూశారు.

“నాకు సంఘం వద్దు సార్,” అంది కోటేశ్వరి. బిడ్డను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. “పాపకు పావు లీటరు ఇప్పించండి, చాలు.”

“వ్యక్తిగత అవసరాల నిమిత్తం పాలు మంజూరుచేయు అధికారం నాకు లేదమ్మా. సంఘానికైతే రోజుకొక క్యాను. శుక్రవారం లోపల కటౌట్ నెలకొల్పవలెను. తనిఖీ జరుగును.”

మర్నాడు తెల్లవారుతుండగానే కోటేశ్వరి ఇంటి ముందు డప్పులతో సహా క్యాను దిగింది. వీధంతా లేచింది. పక్కింటి దానమ్మ తన కొడుకును ఎత్తుకుని గోడ దగ్గరికి వచ్చింది.

“వదినా, క్యానంటే క్యానే? మావాడు మూడు రోజుల్నించీ రాగిజావ చూస్తే పారిపోతన్నాడు.”

“గిన్నె తెచ్చుకో వదినా.”

వీధిలో చంటిపిల్లలున్న తల్లులందరూ గిన్నెలు తెచ్చుకున్నారు. లోహిత ఆ పూట రెండు గ్లాసులు తాగి త్రేన్చింది. ఆ త్రేన్పు విని కోటేశ్వరికి కడుపు నిండింది. నిండిన కడుపులోనే శుక్రవారం అన్న మాట రాయిలా పడింది. కటౌట్ లేకపోతే క్యాను ఆగిపోతుంది. ఆగితే మళ్ళీ తూకం ముల్లు.

అంజిబాబు ఫ్లెక్సీలు వేసే కొట్టుకు పోయి అడిగాడు. కొట్టువాడు కంప్యూటర్లో ఎంత వెతికినా జోలమ్మ మొహం దొరకలేదు. ఏ బొమ్మలో చూసినా ఆమె ముందు ఇంకెవడో ఒకడు ఛాతీ విరుచుకుని నిలబడి ఉన్నాడు. “ఆకుపచ్చ గుడ్డ వరకైతే ముప్పై అడుగులు వేస్తానన్నా” అన్నాడు. వద్దన్నాడు అంజిబాబు.

శుక్రవారం రానే వచ్చింది. కోటేశ్వరి అప్పుడే లోహితకు నీళ్ళు పోసి, తువ్వాలు దొరక్క తన పాత ఆకుపచ్చ చీరముక్క చుట్టింది. పిల్ల ఆకలికి ఏడుస్తోంది. గడప ముందు డప్పులు మోగాయి. జయరాజు, నిచ్చెన పట్టుకున్న మనిషి, ఫొటోగ్రాఫరు, నలుగురు డప్పులవాళ్ళు.

“కటౌట్ ఏదమ్మా?”

కోటేశ్వరికి అబద్ధం చెప్పడం రాదు, నిజం చెబితే క్యాను పోతుంది. చంకలో పిల్ల గింజుకుంటుంటే అరుగు మీద నిలబెట్టింది. ఏం అంటున్నదో తనకే తెలియకుండా, “ఇదే సార్” అంది.

జయరాజు వంగి చూశాడు. “కదులుతోంది.”

“గాలికి సార్,” అన్నాడు అంజిబాబు చటుక్కున. “గాలిరాయుడిది ఇంకా ఎక్కువ ఊగుతా ఉంది గదా?”

జయరాజు జేబులోంచి ఉత్తర్వు తీసి చదువుకున్నాడు. కటౌట్‌కు గరిష్ఠ ఎత్తు ఇంత అని ఉంది గానీ కనిష్ఠం లేదు. దేనితో చెయ్యాలన్నదీ లేదు. ఆకుపచ్చ వస్త్రం ఉంది. వీరవనిత మొహం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు కాబట్టి పోలిక లేదనడానికీ వీల్లేదు. “ఏడుస్తోంది కదమ్మా?”

“సినిమాలో కూడా ఆఖర్న కళ్ళనీళ్ళు పెట్టుకుంటది సార్,” అంది గోడ మీంచి దానమ్మ. ఆమె సినిమా చూడలేదు.

“సరే. శిరస్సు మీదుగా పొయ్యవలెను.”

అప్పుడు కోటేశ్వరి రోజూ చేస్తున్న పనే చేసింది. గ్లాసు తీసుకుని బిడ్డ నోటికి ఆనించింది. “నోరు శిరస్సులోదే గదా సార్?”

జయరాజు ఆలోచించాడు. కాదనడానికి ఆధారం దొరకలేదు. నిచ్చెన మనిషి తెచ్చినందుకు నిచ్చెనను అరుగుకు ఆనించాడు. డప్పులు మోగాయి, ఫొటోగ్రాఫరు తీశాడు, అందరూ “జై జోలమ్మా!” అన్నారు. లోహిత ఏడుపు ఆపి, డప్పులవాళ్ళను కళ్ళు విప్పార్చుకుని చూస్తూ గ్లాసు మొత్తం తాగేసింది.

జయరాజు గ్లాసు చూశాడు, అరుగు చూశాడు, కింద కాలువ చూశాడు. ఆయన మొహంలో సమన్వయాధికారి అయినప్పటి నుంచీ లేని వెలుగు వచ్చింది. ఎంతైనా శానిటరీ ఇన్‌స్పెక్టరు. మెయిన్ రోడ్డు కాలువల్లో ముప్పై తొమ్మిది మంది వీరుల పాలు పులిసి, ఈగలు ముసిరి, ఆ వాసనకు ఆయన భార్య ఆయన్ను భోజనాల బల్ల దగ్గరికి రానివ్వడం లేదు. అక్కడే నిలబడి నివేదిక రాశాడు. “సదరు కటౌట్ తనపై పోయబడిన పాలను సంపూర్ణంగా పీల్చుకున్నది. చుక్కయినా కాలువలోనికి చేరలేదు. పారిశుధ్య దృష్ట్యా మిక్కిలి ఆదర్శప్రాయము.”

ఆ నివేదిక చూసి కమిషనర్ గారు ముచ్చటపడ్డారు. ఆయన ముచ్చటపడితే ఉత్తర్వు వెలువడక తప్పదు. మైకు ఆటో మళ్ళీ బయలుదేరింది. “పట్టణంలోని యావత్తు కటౌట్లనూ వారం రోజుల లోపల పీల్చుకొను రకంతో భర్తీ చేయవలెను. పీల్చుకొనని కటౌట్లు ఆక్రమణలుగా పరిగణించి తొలగించబడును.”

సంఘాల వాళ్ళకు కొత్త చిక్కు వచ్చింది. అభిమానులందరూ పెళ్ళికాని కుర్రాళ్ళాయె. పీల్చుకునే రకం ఎక్కడ దొరుకుతుంది? వీధులమ్మట పడ్డారు.

“అక్కా, మీ బుడ్డోణ్ణి ఒక్క పూట గాలిరాయుడిగా ఇయ్యక్కా. పాలు పోసి, మూతి తుడిచి తెచ్చిస్తాం.”

“మూతే కాదు, ముడ్డి కూడా తుడిచి తేవాల. అట్టయితేనే ఇస్తా.”

“తుడుస్తాం అక్కా. గాలిరాయుడి మీద ఒట్టు.”

నిప్పులదొర సంఘం వాళ్ళు నలుగురు చంటిపిల్లల్ని ముందే మాట్లాడి పెట్టుకున్నారని తెలిసి, వజ్రకాయుడి వాళ్ళు మున్సిపల్ ఆసుపత్రి కాన్పుల వార్డు ముందు కాపలా కూర్చున్నారు. లోపలికి పోవడానికి ఇప్పుడు వంగే పని లేదు. గాలిరాయుడి చెక్క కటౌట్‌ను ఆక్రమణ కింద కొట్టేశారు. పిల్లలు చాలక దూడలను తెచ్చారు. దూడలకు వీరత్వం ఉన్నదా అని అడిగితే, పై నుంచి రావలసిన పాత జవాబు అప్పుడొచ్చింది, “అభ్యంతరం లేదు” అని. దూడకు ఎర్ర గుడ్డ కట్టి తల్లి దగ్గర వదిలారు. అది కూడా పొల్లుపోకుండా పీల్చుకుంది.

తర్వాత ముసలివాళ్ళ వంతు వచ్చింది. కమిషనర్ గారి తల్లి భ్రమరాంబ గారికి ఎనభై దాటాయి. ఆమెను మెరుపుకన్ను అనే వీరుడి సంఘం వాళ్ళు గౌరవపూర్వకంగా కోరితే, భుజాల మీద వెండిరంగు గుడ్డ కప్పుకుని వరండాలో కూర్చుంది.

“ఉత్త పాలు నాకు సయించవు,” అంది ఆమె. “కాఫీలో పోసి చెయ్యండి ఆ అభిషేకమేదో.”

సమన్వయ కమిటీ ఆ ఇంట్లోనే మధ్యాహ్నం దాకా కూర్చుని చర్చించింది. డికాక్షన్ కలపడం అభిషేకాన్ని పలుచన చేయడం అవుతుందని ఒక సభ్యుడు, రంగు వల్ల వీరత్వానికి భంగం లేదని ఇంకో సభ్యుడు. “పురుషోత్తం, కాఫీ ఆరిపోతోందిరా!” అని వరండాలోంచి కేక వినిపించాక గోధుమవర్ణ క్షీరాభిషేకాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు. ఆ సాయంత్రానికే ఊళ్ళో టీ కొట్లన్నీ తెరుచుకున్నాయి. బల్లల దగ్గర మీసాలవాళ్ళు మెడకు తువ్వాళ్ళు కట్టుకుని, “నాకొక అభిషేకం, చక్కెర తక్కువ” అంటున్నారు.

ఆ విధంగా తుమ్మగుంటలో పాలు పిల్లలకూ, దూడలకూ, టీ కొట్లకూ పోవడం మొదలైంది. సినిమా రాకముందు ఎక్కడికి పోయేవో అక్కడికే పోతున్నాయి. కాకపోతే పూటపూటకూ డప్పులు, నిచ్చెన, ఫొటో. ఆ నెల టౌన్‌హాలులో సభ పెట్టి, చుట్టుపక్కల ఊళ్ళ కమిషనర్లను కూడా పిలిచి, పురుషోత్తమరావు గారికి శాలువా కప్పారు. “పసిపిల్లలు పాలు తాగు విధానాన్ని పట్టణంలో ప్రవేశపెట్టిన ఘనత మన కమిషనర్ గారికే దక్కుతుంది” అన్నారు వక్తలు. మొదటి వరుసలో అధ్యక్షుల కుర్చీల్లో కోటేశ్వరి కూడా కూర్చుంది. తనకూ ఒకటి కప్పితే, ఆ శాలువాతో బిడ్డ మూతి తుడుస్తూ, అది వెనక్కి ఇచ్చెయ్యాలేమోనని భయపడుతూ ఉంది.

పిల్ల ఒళ్ళు చేసింది. తూకం ముల్లు కదిలింది. టీచరు, “ఏం పెడుతున్నావమ్మా?” అని అడిగింది. “అభిషేకం చేస్తన్నాం టీచర్” అంది కోటేశ్వరి.

తర్వాత ఇంకో సినిమా వచ్చింది. అందులో వీరుడు ఒక్కడే. ‘సర్వవీరం’ హాల్లోంచి పోయింది, ఉత్తర్వు రద్దయింది, జయరాజు కాలువల దగ్గరికి తిరిగి వెళ్ళాడు, పాల కేంద్రంలో వెంకాయమ్మ ఎవరికి కావలసినన్ని పాలు వాళ్ళకు పోస్తోంది. కోటేశ్వరి పావు లీటరు తెచ్చుకుని, కాచి, చల్లార్చి, హాయిగా గ్లాసు బిడ్డ నోటి దగ్గర పెట్టింది.

లోహిత నోరు బిగించుకుంది.

బుజ్జగించింది. చందమామను చూపిద్దామంటే పొద్దుటిపూట. కాకిని చూపించింది. పిల్ల కాకిని చూసింది గానీ నోరు తెరవలేదు. వీధి వంక వేలు చూపించి “డండ” అంది.

“ఏందయ్యా, ఇది తాగడం లేదు! వొళ్ళు వేడిగా ఉందేమో చూడు. పాలు విరిగినయ్యేమో చూడు. పెద్దాసుపత్రికి పోదాం పద.”

అంజిబాబు నుదురు చూశాడు, పాలు చూశాడు. పిల్ల చూపిస్తున్న వేలు వంక చూశాడు. లోపలికి పోయి అన్నం గిన్నె మూత, గరిటె తెచ్చాడు. మూత మీద గరిటెతో డండనక డండనక అని వాయించాడు. లోహిత రెండు చేతులూ ఎత్తింది. కోటేశ్వరి ఆకుపచ్చ గుడ్డ తెచ్చి భుజాల మీద వేసి, అరుగు మీద నిలబెట్టి, అటూ ఇటూ చూసి సిగ్గుపడుతూ “జై జోలమ్మా” అంది. పిల్లకు చాలలేదు. కోటేశ్వరి ఈసారి గొంతెత్తి అరిచింది. అప్పుడు లోహిత ఒక గుటక వేసి, మళ్ళీ నోరు మూసి, మొహం నవ్వులా పెట్టి నిలబడింది.

“ఇప్పుడేందే?”

“ఫొటో అయ్యా, ఫొటో!”

అంజిబాబు జేబులోంచి ఛార్జింగు లేని ఫోను తీసి ఎత్తి పట్టుకున్నాడు. “తీశా తల్లీ, తీశా. బాగా వచ్చింది. ఇంక తాగు.”

లోహిత తాగింది. కోటేశ్వరి గ్లాసును బోర్లించి చుక్క రాలకపోవడం చూసుకుంది. అప్పటికి గోడ అవతల దానమ్మ చెయ్యి చాపి నిలబడి ఉంది.

“అయిందా వదినా? ఆ మూత ఇటియ్యి. మావాడు గంట నుంచీ నోరు తెరవడం లేదు.”